గోడవరకు నీళ్ళు తెచ్చు మనిషి

ఈదులమెట్ట పురపాలక సంఘానికి ఒక అద్దం కావలసి వచ్చింది.

ముఖం చూసుకునే అద్దం కాదు. అలాంటిది కమిషనరు చక్రపాణి గారి గదిలో నిలువెత్తుది ఒకటుంది. ఇది ఊరు తన్ను తాను చూసుకునే అద్దం. ఆ ఏడాది రాజధానిలో ఏ సమావేశం జరిగినా ఇదే మాట. చుట్టుపక్కల కమిషనర్లందరూ "మా అద్దం వచ్చేసిందండీ, మీదెంతవరకూ వచ్చింది?" అని అడుగుతుంటే, చక్రపాణి గారు టీ కప్పులోకి చూసుకుంటూ "పరిశీలనలో ఉంది" అనవలసి వస్తోంది. అద్దం లేని ఊళ్ళో రోడ్లున్నా, కుళాయిలున్నా, అవి ఉన్నాయని ఎవరూ నమ్మడం లేదట.

ఇంతకీ ఆ అద్దం ఏమిటయ్యా అంటే, పిల్లలు సెలవుల్లో కంప్యూటరు మీద ఆడుకునే ఊరు కట్టే ఆట. అందులో ఊరుంటుంది, ఊళ్ళో బొమ్మమనుషులుంటారు. వంటబొమ్మ వండుతుంటుంది, కుట్టుబొమ్మ కుడుతుంటుంది, మనం పైనుంచి చూస్తూ ఇక్కడో రోడ్డూ అక్కడో వంతెనా వేసుకోవచ్చు. నగరంలో ఒక కంపెనీ ఆ ఆటకే కోటు తొడిగి, "ఊరి అద్దం" అని పేరుపెట్టి మున్సిపాలిటీలకు అంటగడుతోంది. ఊళ్ళో ఎంతమందుంటే అందులో అన్ని బొమ్మలు. బొమ్మ ఏం చేస్తోందో చూస్తే మనిషి ఏం చేస్తున్నాడో తెలిసిపోతుంది. ఇక మనిషి దగ్గరికి వెళ్ళి అడగాల్సిన శ్రమ అధికారులకు ఉండదు.

ఈ గొడవేదీ కనకరత్నానికి తెలియదు. ఆమె మున్సిపల్ ఆఫీసు గేటుకి ఎదురుగా బండి పెట్టుకుని పెసరట్లు వేస్తుంది. ఆ బండి తప్ప ఆమెకి ఆధారం లేదు. మొగుడున్నాడు గానీ, వీరాస్వామిని ఆధారమని అతని కన్నతల్లి కూడా ఎప్పుడూ అనలేదు. తెల్లారగానే లేచి, ఎక్కడ నీడ బాగుంటుందో చూసుకుని మళ్ళీ పడుకోవడం అతని దినచర్య. అట్టు తిరగేసినంత తేలిగ్గా కనకరత్నం అతని సంగతి కూడా తిరగేసి పక్కన పెట్టేసింది. ఆమె అట్టు అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది, అల్లం పచ్చడి నాలిక్కి తగిలితే ముక్కులోంచి నీళ్ళొస్తాయి. మున్సిపల్ సిబ్బంది ఆఫీసుకి ఆలస్యంగా వస్తారేమో గానీ, ఆ అట్టుకి ఏనాడూ ఆలస్యంగా రాలేదు.

అందరిలోకీ ముందు వచ్చేది బిల్ కలెక్టరు ఆదిశేషయ్య. మొదటి అట్టు తనకే పడాలని పెనం మీదికి వంగి నిలబడతాడు. డబ్బుల మాట వస్తే, "మన మున్సిపాలిటీలో మనకి మనం ఇచ్చుకోవడమేమిటి కనకరత్నమ్మా!" అని ఆమె తరఫున కూడా తనే నవ్వేస్తాడు.

అద్దం కంపెనీవాళ్ళు సర్వేకి ఉదయం పూటే ఎంచుకున్నారు. ఎండెక్కితే వాళ్ళ కెమెరాలకు పడదట. తుమ్మెదలా జుయ్యిమంటూ ఒక యంత్రం ఊరి మీద తిరిగి, ఎక్కడ ఎవరున్నారో, వాళ్ళ పక్కన ఏ పనిముట్టు ఉందో ఫోటోలు తీసుకుపోయింది. సరిగ్గా అది ఆఫీసు గేటు మీదికి వచ్చేసరికి కనకరత్నం బండి దగ్గర నీళ్ళు అయిపోయాయి.

"ఆదిశేషయ్యగారూ, ఎలాగూ పెనంలో తల పెట్టే ఉన్నారుగా, అట్టు మాడకుండా కాస్త చూస్తుండండి. ఆస్పత్రి కుళాయి దగ్గర ఒక్క బిందె పట్టుకొస్తా" అని అట్లకాడ అతని చేతిలో పెట్టి వెళ్ళింది.

పైన యంత్రం జుయ్యిమంది. అంతే జరిగింది.

అద్దం ఆవిష్కరణ కౌన్సిలు హాల్లో బ్రహ్మాండంగా పెట్టారు. గోడంత తెర. ఊరంతా రండని టముకు వేయించారు కాబట్టి కనకరత్నం కూడా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. తెర మీద ఈదులమెట్ట వెలిగింది. అందరూ ఆహా అన్నారు. నిజం ఊరికన్నా శుభ్రంగా ఉంది, కుక్కల్లేవు, చెట్లన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. కంపెనీ ప్రతినిధి విశ్వతేజ టీషర్టు మీద కోటు వేసుకుని, చేతిలో చిన్న మీట పట్టుకుని నొక్కాడు. బొమ్మలు కదిలాయి.

ఆదిశేషయ్య బొమ్మ అట్లు వేయడం మొదలుపెట్టింది.

ప్రభుత్వ డాక్టరు సులోచన గారి బొమ్మ స్కూటర్లకు పంక్చర్లు వేస్తోంది. సర్వే రోజున ఆవిడ టైర్లో గాలి కొట్టించుకుంటున్నారు. అదే సమయానికి పంక్చరు షాపు కరీముల్లా చేయి కాలి ఆస్పత్రికి వెళ్ళి ఆవిడ కోసం కూర్చున్నాడు కాబట్టి అతని బొమ్మ మెడలో స్టెతస్కోపు వేసుకుని రోగుల్ని చూస్తోంది. గుడికెళ్ళిన ట్రాఫిక్ కానిస్టేబుల్ బొమ్మ దేవుడికి హారతి ఇస్తోంది. వీరాస్వామి ఆ పొద్దున ఇంజనీరు గారి గది అరుగు మీద, ఇంజనీరు గారి టోపీ తల కింద పెట్టుకుని నిద్రపోయాడు. అతని బొమ్మ మున్సిపల్ ఇంజనీరై కుర్చీలో కూర్చుంది.

కనకరత్నం తన బొమ్మ కోసం వెతుక్కుంది. చంకలో బిందెతో ఉంది. ఆస్పత్రి ప్రహరీ దాకా నడిచింది, గోడకి ఢీకొంది, వెనక్కి తిరిగింది, నాలుగడుగులు వేసింది, మళ్ళీ వచ్చి గోడకి ఢీకొంది. ఆటలో ప్రహరీ గోడ కట్టారు గానీ గేటు పెట్టడం మరిచిపోయారు. కుళాయి గోడకి అవతల ఉంది. పిచ్చిది, ఎంతకీ నీళ్ళు అందక ఢీకొంటూనే ఉంది.

హాలంతా నవ్వులు. కనకరత్నానికి మాత్రం నవ్వు రాలేదు. గోడకి కొట్టుకుంటున్నది బొమ్మే అయినా నుదురు తనదే నొప్పెట్టినట్టయింది.

"ఇందులో ఏదో పొరపాటు ఉన్నట్టుంది కదా?" అన్నారు చక్రపాణి గారు నెమ్మదిగా.

"పొరపాటు కాద్సార్" అన్నాడు విశ్వతేజ. "ఎవరి పని ఏదో మేము చెప్పం. ఎవరికి ఏ పనిముట్టు దగ్గరగా కనబడితే ఆ పని ఆటే ఇచ్చేసుకుంటుంది. మా భాషలో దీన్ని స్వయంభూ ప్రవర్తన అంటాం."

స్వయంభూ అన్న మాట చెవిన పడగానే ముందు వరసలో ఇద్దరు కౌన్సిలర్లు చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టారు.

"మరి సరిచెయ్యాలంటే?"

"మన ఒప్పందంలో తయారు చెయ్యడం వరకే ఉంది సార్. సరిచెయ్యడానికి మళ్ళీ టెండరు పిలవాలి."

చక్రపాణి గారు కళ్ళు మూసుకున్నారు. వేసవిలోగా రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోంది. అద్దానికీ ఊరికీ తేడా లేని పట్టణానికి "ఉత్తమ ప్రతిబింబ పట్టణం" బిరుదిస్తారు. తేడా ఉంటే కమిషనరుని ఎక్కడికి పంపిస్తారో ఆయనకి బాగా తెలుసు, అక్కడ ఇదివరకు పనిచేసి వచ్చారు. కళ్ళు తెరిచేసరికి ఆయన ముఖం తేటపడింది.

"ఆటని మార్చాలంటే టెండరు కావాలి. మనుషుల్ని మార్చాలంటే సర్క్యులర్ చాలు" అన్నారు.

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయునది ఏమనగా, అద్దమునందు ఎవరి ప్రతిబింబము ఏ వృత్తిని అవలంబించుచున్నదో, సదరు వ్యక్తి ఉదయము ఆరు గంటలు మొదలు పదకొండు గంటల వరకు, అనగా ప్రతిబింబములు సంచరించు వేళల యందు, అదే వృత్తిని అవలంబించవలెను. వ్యక్తికిని ప్రతిబింబమునకును భేదము కనబడినచో, భేదమునకు వ్యక్తియే బాధ్యుడు." కమిషనరు గారికి మాత్రం ఈ బాధ లేదు. సర్వే రోజున ఆయన అద్దాల మీద సమావేశానికి రాజధాని వెళ్ళారు, అద్దంలో ఆయన బొమ్మ లేదు.

కనకరత్నానికి ఉద్యోగపు కాగితం ఇచ్చారు. హోదా: గోడవరకు నీళ్ళు తెచ్చు మనిషి.

"నీళ్ళు తెచ్చే మనిషైతే నీళ్ళు తేవాలిగా? గోడదాకా వెళ్ళి వెనక్కి రావడమేంటి?" అని అడిగింది ఆఫీసులో.

"తేవడం నీ ఉద్యోగం. గోడవరకు అన్నది నీ పరిధి" అన్నాడు గుమాస్తా.

బండి ఆదిశేషయ్యకి అప్పగించారు. ఆమె ఇవ్వనంది. పెనం రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఇద్దరు బంట్రోతులు చెరో పక్కా లాగితే పెనం ఊడొచ్చింది. అత్తగారి అత్తగారి నాటి ఇనప పెనం అది. కనకరత్నం చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచి, "ఆ పెనానికి నూనె రాయడం కూడా తెలీదు ఆయనకి" అంది.

మొదటిరోజు పొద్దున బిందె చంకనెత్తుకుని ఆస్పత్రి ప్రహరీ దాకా నడిచింది. పక్కనే గేటు బార్లా తెరిచి ఉంది, లోపల కుళాయి కారిపోతోంది. గేటు వైపు ఒక్క అడుగు వేసిందో లేదో కాపలావాడు ఈలవేశాడు. కనకరత్నం వచ్చి గోడకి బిందె ఠంగున కొట్టింది. వెనక్కి తిరిగింది.

"ఏంటి పిన్నీ ఇది?" అన్నారు దారినపోయేవాళ్ళు.

"సర్కారు ఉజ్జోగం" అంది.

ఎదురుగా తన బండి దగ్గర ఆదిశేషయ్య అట్లకాడని పెన్నులా పట్టుకుని పిండి వైపు అనుమానంగా చూస్తున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళని "ఏ వార్డు?" అని అడిగాడు. "ఇంటిపన్ను కట్టిన రసీదేదీ?" అన్నాడు. రసీదు తెచ్చినవాళ్ళకి వేసిన అట్టు ఒక పక్క నల్లగా, రెండో పక్క పచ్చిగా, మధ్యలో ఎవరి ప్రమేయమూ లేకుండా చిల్లిపడి ఉంది. పచ్చడి రెండోసారి అడిగినవాళ్ళకి సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ రాలేదు. ఒకసారి తిన్నాక ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టమైంది. అక్కడ కరీముల్లా స్టెతస్కోపు మెడలో వేసుకుని, నుదుటి చెమట తుడుచుకుంటూ, "నాకు తెలిసిన వైద్యం ఒక్కటే బాబాయ్, తొట్టిలో ముంచితే బుడగలెక్కడ వస్తాయో చూస్తా" అన్నాడు. గుడి దగ్గర కానిస్టేబుల్ పంతులు ప్రదక్షిణాలకి ఎడమ వరస తప్పనిసరి చేశాడు. అందరిలోకీ ఇంజనీరు వీరాస్వామి ఒక్కడే ఇబ్బంది లేకుండా ఉన్నాడు. కుర్చీలో పడుకున్నాడు. పట్టణాభివృద్ధి పనుల వేగంలో తేడా ఎవరికీ కనబడలేదు.

ఓపిక పట్టినంతకాలం పట్టి, కనకరత్నం కమిషనరు గారి గదికి వెళ్ళింది.

"అయ్యా, నేను అట్లేసేదాన్ని. ఊరందరికీ తెలుసు, తమక్కూడా తెలుసు. తమరికి రోజూ రెండు ఉల్లిపాయట్లు పంపేదాన్ని కూడా."

చక్రపాణి గారి నోట్లో నీళ్ళూరాయి. గ్లాసు మంచినీళ్ళతో వాటిని లోపలికి పంపేశారు. "చూడమ్మా, నువ్వు అట్లు వేస్తావన్నది నీ అభిప్రాయం. మేము దాన్ని గౌరవిస్తాం. కానీ పరిపాలన అభిప్రాయాల మీద నడవదు, అద్దం మీద నడుస్తుంది."

"అద్దంలో కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనబడుద్ది కదయ్యా. అంతమాత్రాన ఎడంచేత్తో తింటామా?"

కమిషనరు గారు ఈ విషయం మీద స్పష్టత కోసం పైవాళ్ళకి రాస్తానన్నారు.

బల్ల పక్కన తెర మీద ఊరు కదులుతూనే ఉంది. కనకరత్నం తన ఇల్లు ఎక్కడుందో వెతికింది. పెంకులు కనిపిస్తున్నాయి. "లోపల?" అని అడిగింది అక్కడే కూర్చున్న విశ్వతేజని.

"లోపల ఏమీ లేదండీ. ఇళ్ళకి పైకప్పు వరకే చేశాం. బొమ్మ గుమ్మం దాటితే మాయమైపోతుంది."

"అంటే నేను ఇంట్లో ఏం చేసినా తమరికి కనబడదు?"

"మీరు ఇంట్లో ఉండరండీ" అన్నాడు విశ్వతేజ. "గుమ్మం దాటాక మీరు లేరు."

చాలా రోజుల తర్వాత కనకరత్నం మొహాన నవ్వు వచ్చింది. ఇంటికెళ్ళి పెసలు నానబోసింది.

మర్నాడు పదకొండు గంటల గంట కొట్టగానే ఊరి బొమ్మలన్నీ ఇళ్ళలోకి పోయాయి, ఊరి మనుషులూ ఇళ్ళలోకి పోయారు. కాసేపటికి కనకరత్నం పెరటి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడ్డాయి. అరువు తెచ్చిన పెనం, కట్టెల పొయ్యి, పొగ. అయినా అట్టు అట్టే. డాక్టరమ్మ గ్రీజు చేతులు కడుక్కుని రెండు అట్లు తిని, ఆ వంటింట్లోనే ఓ మూల పీట వేసుకుని రోగుల్ని చూసింది. కరీముల్లా పక్కింటి పడకగదిలో ట్యూబులు అతికించాడు. గుడి పంతులు గారు దేవుణ్ణి చాటుగా ఇంటికి తెచ్చుకుని నిజం పూజ చేశారు. పొద్దున అద్దంలో ఉన్నట్టూ, పదకొండు దాటాక ఊళ్ళో ఉన్నట్టూ ఉండటం ఈదులమెట్టకి అలవాటైపోయింది. వచ్చేవాళ్ళలో కౌన్సిలర్లు కూడా ఉన్నారు. ఆదిశేషయ్య తను కాల్చినవి తను తినలేక, ఎప్పటిలాగే అందరికన్నా ముందు వచ్చి పెనం మీదికి వంగి నిలబడుతున్నాడు. కనకరత్నం అతన్ని చూసి పళ్ళు నూరుకుంటుంది గానీ, ఆకలితో వచ్చినవాణ్ణి పొమ్మనడం ఆమెకి చేతకాదు.

బృందం వచ్చింది. నాయకురాలు హైమవతి గారు మంచి నిజాయితీపరురాలని పేరు. చేతిలో పలక లాంటి తెర పట్టుకుని, ఒక్కొక్క బొమ్మనీ ఒక్కొక్క మనిషితో పోల్చి చూసుకున్నారు. కనకరత్నం గోడకి కొట్టుకున్న ప్రతిసారీ తెర మీద కూడా కొట్టుకుంది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, "అద్భుతం. ఢీకొనడంలో కూడా తేడా లేదు" అన్నారు. చక్రపాణి గారికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

పదకొండు దాటింది. వీడ్కోలు ఉపన్యాసం మొదలైంది. అప్పుడే సన్నగా గాలి వీచింది. ఆ గాలిలో నూనెలో వేగుతున్న అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చి.

"ఏదో వాసన వస్తోంది" అన్నారు హైమవతి గారు.

"అద్దంలో వాసన లేదండీ. కాబట్టి ఊళ్ళో కూడా లేదు" అన్నారు చక్రపాణి గారు, కాస్త తడబడి.

ఆవిడకి షుగరు ఉంది. వేళకి తినాలి. ఉపన్యాసం మధ్యలో లేచి, ముక్కు ఎటు పోతే అటు నడిచారు. వెనకే కమిషనరు, వెనకే బృందం. పెరటి గుమ్మంలోంచి వంగి చూస్తే మున్సిపాలిటీ మున్సిపాలిటీ అంతా నేల మీద బాసింపట్టు వేసుకుని అట్లు తింటోంది. ఆదిశేషయ్య నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది.

హైమవతి గారు లోపలికి వచ్చారు. పీట మీద కూర్చున్నారు. కనకరత్నం ఆకు వేసింది. ఆవిడ మూడు అట్లు తిన్నారు, పచ్చడి మళ్ళీ అడిగి వేయించుకున్నారు, చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకున్నారు.

"చాలా బాగుందమ్మా. మా అమ్మ గుర్తొచ్చింది" అన్నారు. తర్వాత కమిషనరు వైపు తిరిగారు. "కానీ ఇది అద్దంలో లేదు. ఇళ్ళ లోపల కూడా చూపించేలా ఊరంతా కొత్తగా మళ్ళీ సర్వే చేయించండి. అందాకా బిరుదు ఆపుతున్నాను."

పైనుంచి మాట వస్తే టెండర్లకి కాళ్ళొస్తాయి. నెల తిరక్కుండా కంపెనీవాళ్ళ యంత్రాలు మళ్ళీ దిగాయి. ఈసారి ఊళ్ళో అందరికీ రహస్యం తెలుసు: ఆ క్షణాన ఎవడి పక్కన ఏది ఉంటే అదే వాడి బతుకు. సర్వే నాటి పొద్దున ఈదులమెట్టలో ఎవరూ తమ పనిముట్టుని వదల్లేదు. డాక్టరమ్మ స్టెతస్కోపుని రెండు చేతులా గుండెకి అదుముకుని నిలబడింది. కరీముల్లా గాలిపంపుని కావలించుకున్నాడు. కానిస్టేబుల్ నాలుగు రోడ్ల మధ్య ఈల నోట్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. కొట్లవాళ్ళు కొట్లలో, కుట్టేవాళ్ళు మిషన్ల ముందు. ఇంజనీరు గారు తన టోపీ తను పెట్టుకున్నారు. వీరాస్వామికి పట్టుకోవడానికి ఏమీ లేక దిండు పట్టుకున్నాడు.

కనకరత్నం తన బండి తోలుకొచ్చి ఆఫీసు గేటు ముందు తన చోట నిలబెట్టింది. ఆదిశేషయ్య బండితో సహా ఇచ్చేసిన పెనాన్ని ముందురోజంతా తోమి, నూనె రాసి దారికి తెచ్చింది. నీళ్ళు నాలుగు బిందెలు ముందే పట్టి పెట్టుకుంది. ఎడంచేత్తో పెనం చెవి, కుడిచేత్తో అట్లకాడ పట్టుకుని, దేవుడొచ్చి పిలిచినా కదలకూడదనుకుంది. పిండి వేసింది. అట్టు ఘుమఘుమలాడింది. తినడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఎలా వస్తారు, ఎవరి పనిముట్టు దగ్గర వాళ్ళున్నారు. అందరూ దూరం నుంచే గుటకలు మింగారు.

ఒక్క ఆదిశేషయ్య తప్ప. అతనూ బిల్లు పుస్తకం చంకలో పెట్టుకుని బుద్ధిగానే బయల్దేరాడు. బండి దాటుతుంటే ముక్కు ఆగింది, తర్వాత కాళ్ళు ఆగాయి. పుస్తకం బల్ల మీద పెట్టి పళ్ళెం అందుకున్నాడు. "ఒక్కటే కనకరత్నమ్మా, ఎవరూ చూడకముందే."

పైన జుయ్యిమంది.

కొత్త అద్దంలో అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇళ్ళ లోపలి పొయ్యిలతో సహా. డాక్టరు డాక్టరే, టైలరు టైలరే. ఒక్కటే వింత. ఆస్పత్రిలో రోగి లేడు, కొట్లో కొనేవాడు లేడు, గుళ్ళో భక్తుడు లేడు. చక్రపాణి గారు దీన్ని లోతుగా పరిశీలించి, ఈదులమెట్టని రోగాలు లేని పట్టణంగా ప్రకటించారు. ఆ తర్వాత కనకరత్నాన్ని పిలిపించారు.

"సంతోషం అమ్మా. నీ వృత్తి నీకు ధ్రువపడింది. రేపటినుంచి బండి పెట్టుకో."

కనకరత్నం కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చేతులెత్తి దణ్ణం పెట్టబోయింది.

"అయితే అద్దంలో తినుచున్న వ్యక్తి ఒక్కరే కనబడుచున్నారు. ఆదిశేషయ్యగారు. వారిని అధీకృత భోక్తగా నియమించాం. నువ్వు ఆయనకి మాత్రమే వడ్డించాలి."

"మిగతా ఊరు?"

"వారు ఆకలి లేనివారిగా నమోదయ్యారు."

దణ్ణానికి లేచిన చేతులు కనకరత్నం అలాగే దించేసింది. బండి వచ్చింది, పెనం వచ్చింది, ఇన్నాళ్ళ ఏడుపూ తీరి చివరికి ఏనాడూ పైసా ఇవ్వని ఒక్క మనిషికి వండిపెట్టడానికి. గోడకి కొట్టుకున్నప్పుడు కూడా ఆమెకి ఇంత కోపం రాలేదు. ఇంటికి వెళుతూ వెళుతూ సగం దారిలో ఆగి, తిరిగి వచ్చింది.

"అయ్యా, ఆయన బొమ్మ ఎంతసేపు తింటది?"

"ఆరు మొదలు పదకొండు వరకు" అన్నారు చక్రపాణి గారు తెర చూసి. "నిర్విరామంగా."

"తేడా రాకూడదుగా?"

"ఎట్టి పరిస్థితుల్లోనూ."

మర్నాడు ఆరింటికి ఆదిశేషయ్య పెళ్ళికొడుకులా తయారై వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కనకరత్నం ఊరందరికీ సరిపడా పిండి రుబ్బుకొచ్చింది. మొదటి అట్టు వేసింది. తిన్నాడు. రెండోది వేసింది. మెచ్చుకున్నాడు. అట్టు పళ్ళెంలో పడగానే పెనం మీద ఇంకోటి పడుతోంది. ఉల్లిపాయట్టు, అల్లమట్టు, ఉప్మా పెసరట్టు. ఎండ బల్ల మీదికి వచ్చేసరికి అతని బెల్టు ఊడింది, మాట తగ్గింది.

"చాలమ్మా" అన్నాడు.

"చాలదండీ. మీ బొమ్మ ఇంకా తింటానే ఉంది."

పక్కన నిలబడ్డ గుమాస్తా తెర చూసి, "చెయ్యి ఆగకూడదు ఆదిశేషయ్యగారూ, భేదం వస్తోంది" అని హెచ్చరించాడు.

"కనకరత్నమ్మా, నీకు దణ్ణం పెడతా."

"అయ్యో, మన మున్సిపాలిటీలో మనకి మనం దణ్ణాలేంటండీ, తినండి" అని ఇంకో గరిటె పిండి పోసింది. ఆమె అంత హాయిగా అట్లు వేసి చాలా కాలమైంది.

ఆ పూట పదకొండు కొట్టాక అధీకృత భోక్తని కూర్చున్న బల్లతో సహా ఆఫీసులోకి మోసుకెళ్ళారు. పడుకున్న చోటునుంచే అతను ఒక అర్జీ చెప్పి రాయించాడు. తనకి అప్పగించిన పని ఒక మనిషి చేయదగినది కాదు, పనిభారం దృష్ట్యా సహాయకులు కావాలి. చక్రపాణి గారు అర్జీ చదివారు. చరిత్రలో మొదటిసారిగా ఒక మున్సిపల్ ఉద్యోగి పనెక్కువైందని అన్నాడంటే అందులో నిజం ఉండే ఉంటుందనుకున్నారు. అద్దంలో బొమ్మ ఒక్కటే అయినా, ఒక బొమ్మ పనిని ఎంతమంది మనుషులు చేయాలో ఏ నిబంధనలోనూ లేదని ఆయనే కనిపెట్టారు. సర్క్యులర్ వెలువడింది. ఊరందరినీ తమ తమ వృత్తులకు అదనపు బాధ్యతగా సహాయ భోక్తలుగా నియమించారు, వార్డులవారీగా.

పొద్దున్నే జనం బిలబిలమంటూ వచ్చారు. డాక్టరమ్మ, కరీముల్లా, పంతులు గారు, కానిస్టేబుల్, కొట్లవాళ్ళు. అందరి జేబులకీ సహాయ భోక్త అని రాసిన బిళ్ళలున్నాయి, అందరి చేతుల్లో పళ్ళేలున్నాయి. కనకరత్నం ఒక పక్క అట్లు తిరగేస్తూ ఒక పక్క పచ్చడి వేస్తూ, ఎన్నాళ్ళకో ఊపిరాడనంత పనిలో పడిపోయింది. సంతోషంగా ఉంది. ఇంత సంతోషం కోసం ఇంత తిరుగుడు తిరగాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండుతూ కూడా ఉంది.

వరస చివర్లో ఎవరో తలవంచుకుని నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చాక చూస్తే కమిషనరు గారు. చొక్కా జేబుకి బిళ్ళ, చేతిలో స్టీలు పళ్ళెం.

"తమరు కూడానా అయ్యా?"

"నన్ను నేను డిప్యుటేషన్ మీద వేసుకున్నానమ్మా, తాత్కాలికంగా" అన్నారు. "రెండు ఉల్లిపాయట్లు."

కనకరత్నం పిండి పోసి, ఉల్లిపాయలు చల్లి, మూత పెట్టి ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళు పెనం మీదే ఉన్నాయి.

"ఆకలేస్తుందని ముందే ఒక్క మాట అంటే పోయేది కదయ్యా. ఇంత ఊరిని ఇన్ని తిప్పలు పెట్టాలా?"

చక్రపాణి గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"ఆకలికి ఉత్తర్వు లేదమ్మా."